పదకొండు ఖాళీ గడులు

ఫిబ్రవరి 5, సోమవారం

రిటైరయిన ఆరేళ్ళకి మళ్ళీ అదే ఆఫీసు, అవే మెట్లు. మోకాళ్ళే అవి కావు.

మూడో అంతస్తులో మా లెక్కల గది ఇప్పుడు కంప్యూటర్ల గది అయింది. గోడలకి కొత్త రంగు వేశారు కానీ, మా నాలుగు బల్లలూ ఏళ్ళ తరబడి రాసుకుని రాసుకుని గోడకి పడ్డ గాడి అలాగే ఉంది. చేత్తో తడిమి చూశాను. కొత్త ఇంజనీరు చూడనట్టు ఊరుకుంది. మంచి పిల్ల. ముప్ఫై ఏళ్ళుంటాయేమో.

నన్ను పిలిచింది ఎందుకంటే పాత రిజిస్టర్లు చదవడం ఎవరివల్లా కావడం లేదట. ముప్ఫై నాలుగేళ్ళ నది మట్టాలు. రోజుకో వరస, అడుగులూ అంగుళాలూ. రాసిందంతా నేనే. "కోడి గీకినట్టుంది నీ రాత" అని మా లెక్కల గదికి పెద్ద, మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ, అప్పుడే అనేది. ఆ కోడి ఇంకా బతికే ఉంది కాబట్టి సరిపోయింది.

"పాత రేవు పక్కన నూట నలభై ఇళ్ళు కడుతున్నారు ఆంటీ. ఇన్నేళ్ళలో నీళ్ళు ఎక్కువలో ఎక్కువ ఎంత ఎత్తుకి వచ్చాయో చూసి, దాని మీద రెండడుగులు కలిపి గచ్చు వెయ్యాలి. ఆ ఒక్క అంకె కావాలి నాకు," అంది.

అంకె కావాలంటే నేనే. నది మొహం సరిగ్గా చూడకుండా ముప్ఫై నాలుగేళ్ళు నదిని లెక్కపెట్టినదాన్ని.

ఫిబ్రవరి 6, మంగళవారం

ఇవాళ ఒక వింత చూశాను. రాసుకోకపోతే రేపటికి మర్చిపోతాను.

నిన్న ఒక ఏడాది లెక్క కంప్యూటర్లో ఎక్కించాను. అడుగులు ఒక నిలువు వరసలో, అంగుళాలు దాని పక్కన. మూడో వరసలో మీటర్లు రావాలి. నాకు తెలిసిన పద్ధతిలో మొదటి గడిలో ఫార్ములా కొట్టి, మూల పట్టుకుని కిందికి లాగుతున్నాను. ఇంజనీరమ్మ నా వెనక నిలబడింది.

"లాగద్దు ఆంటీ. రోజుకొకటి చొప్పున మొత్తం పన్నెండు వేల నాలుగొందల పద్దెనిమిది అడ్డవరసలవుతాయి. ఎక్కడో చెయ్యి జారుతుంది. మధ్యలో ఒక గడి చెరిగిపోతే మనకి తెలీను కూడా తెలీదు. ఒక్కో గడినీ బతిమాలుకోవడం ఎందుకు? నిలువు వరస మొత్తాన్నీ ఒక ముద్దగా పట్టుకోండి."

మీటర్ల వరస మొత్తాన్నీ ముందు ఎంచుకుంది. అడుగుల వరసంతా పన్నెండుతో గుణించు, అంగుళాల వరసంతా దానికి కలుపు, వచ్చినదాన్ని 0.0254తో గుణించు అని పైన ఒక్కచోట రాసింది. కంట్రోల్, షిఫ్టు, ఎంటర్, మూడూ ఒక్కసారి నొక్కింది. ఫార్ములాకి అటూ ఇటూ మీసాల బ్రాకెట్లు మొలిచాయి. రెప్ప వేసేలోగా ఏడాదంతా మీటర్లయిపోయింది.

"దీన్ని అర్రే ఫార్ములా అంటారు."

"అర్రే!" అన్నాను నేను. కావాలని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. ఆ పిల్ల కుర్చీ పట్టుకుని నవ్వింది.

ఇదే లెక్కకి మేం నలుగురం, పిడి తిప్పి లెక్క కట్టే నాలుగు చేతి మిషన్లు. పిడి ముందుకి తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. పన్నెండుతో గుణించాలంటే పళ్ళచక్రాలు ఒక స్థానం పక్కకి జరిపి మళ్ళీ తిప్పుడు. హద్దు దాటితే లోపల టింగుమని గంట. ఒకరు చేసింది ఇంకొకరు మళ్ళీ మొదటినుంచి చేసి, రెండూ కలిస్తేనే పెద్దక్క సంతకం. ఏడాది పూర్తి చెయ్యడానికి రెండు వారాలు. నాలుగు మిషన్లూ ఒకేసారి తిరుగుతుంటే కింద వీధిలో వెళ్ళేవాళ్ళు "పైన పిండి మర పెట్టారా?" అని అడిగేవాళ్ళట. సాయంత్రానికి కుడి భుజం మాది కాదు.

ఈ ఫార్ములా చప్పుడే చెయ్యలేదు. బాగుంది. కానీ ఆ టింగు లేకపోతే ఏదో వెలితిగా ఉంది.

ఫిబ్రవరి 7, బుధవారం

మూడు రిజిస్టర్లు. కళ్ళు మండుతున్నాయి. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 9, శుక్రవారం

బీరువా అడుగున ఆయన చీటీల కట్టలు దొరికాయి. పారేశారనుకున్నాను.

ఆయన పోయి మూడేళ్ళు. డైరీకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు, అయినా రాస్తున్నాను. గేజీ రీడరు. పొద్దున్న ఎనిమిదింటికి పాత వంతెన స్తంభం మీది గేజీ అంకెలు చూసి, చీటీ రాసి, సైకిలు తొక్కుకుంటూ వచ్చి మా కిటికీలో పెట్టేవాడు. ఆ చీటీ చూసి నేను రిజిస్టరులో ఎక్కించేదాన్ని. చీటీ కింద 'రిమార్కులు' అని ఒక గీత ఉండేది. మిగతా రీడర్లందరూ ఖాళీగా వదిలేసేవాళ్ళు. ఈయన వదిలేవాడు కాదు.

'నీళ్ళు టీ రంగు.'

'గేజీ మీద కొంగ కూర్చుంది. ఏడో అడుగు కనబడలేదు. తరమడానికి మనసొప్పక అది లేచేదాకా ఆగాను. అందుకే ఆలస్యం.'

దాని కింద నేను పెన్సిలుతో రాశాను: 'కొంగ ఎత్తు ఎన్ని అంగుళాలు?'

మర్నాటి చీటీ: 'అడిగాను. నాకు చెప్పదట. మీరొస్తే చెబుతుందట.'

పెద్దక్క ఆ చీటీ పట్టుకుని గదంతా వినిపించేలా, "ఇది నది మట్టమా, ప్రేమలేఖా? దేన్లో ఎక్కించమంటావే దీన్ని?" అంది. మిగతా ఇద్దరూ మిషన్లు ఆపేసి నవ్వారు. నేను తల ఎత్తకుండా పిడి తిప్పుతూనే ఉన్నాను. టింగు టింగుమని గంట మోగిపోయింది.

ఇంజనీరమ్మ ఆ చీటీని ఫోటో తీసుకుంటానంది. తీసుకోమన్నాను.

ఫిబ్రవరి 12, సోమవారం

ఆ ఏడాది రిజిస్టరు వచ్చింది. మా పెళ్ళయిన రెండో ఏడు. వానాకాలం మొదటి నెల పేజీ వదిలేసి మిగతావి ఎక్కించాను. అది తర్వాత ఎక్కించవచ్చు.

ఇవాళ నేర్చుకున్నది: నిన్నటికీ ఇవాళ్టికీ తేడా. మీటర్ల వరసని ఒక గడి కిందికి జరిపి, దాన్లోంచి దాన్నే తీసెయ్యడం. ఒక్క ఫార్ములా, అన్ని రోజుల ఎక్కుడూ దిగుడూ వచ్చేస్తుంది. తీరా చూస్తే నేను వదిలేసిన నెల దగ్గర నది ఒక్క రోజులో అడుగంటిపోయి, నెలంతా సున్నా దగ్గర పడుకుని, మళ్ళీ ఒక్క గెంతులో లేచింది.

"ఖాళీ గడి కనబడితే ఇది సున్నా అనుకుంటుంది ఆంటీ. మనమే చెప్పాలి. అక్కడ ఖాళీగా ఉంటే ఇక్కడా ఖాళీగానే వదిలెయ్, ఉంటేనే లెక్క కట్టు అని." ఫార్ములా ముందు ఆ షరతు తగిలించింది. నది ఎండిపోవడం ఆగింది. "ఇంతకీ ఈ నెల ఏమైంది?"

"చెమ్మకి పేజీలు అంటుకుపోయాయమ్మా. ఆరబెట్టి విడదియ్యాలి."

పేజీలు ఏమీ అంటుకోలేదు.

ఫిబ్రవరి 13, మంగళవారం

తలనొప్పి. వెళ్ళలేదు.

ఫిబ్రవరి 15, గురువారం

మరిది పై వాటా నుంచి దిగి వచ్చాడు, టీ తాగడానికి. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరు చేసినవాడు. ఇప్పటికీ గుమ్మంలో ఎవరైనా నిలబడితే "లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది" అంటాడు. పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య అంటే ప్రాణం.

"అన్నయ్య లెక్కలన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తున్నావట కదా వదినా. మా పటం ఫోటో కూడా ఎక్కించు."

ఆ సన్మాన పటం పైన మరిది గదిలో ఉంటుంది. 'ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క రోజు కూడా తప్పకుండా నది మట్టం చూసినందుకు' అని ఆఫీసు వాళ్ళు ఇచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా పైకి తీసుకెళ్ళి చూపించి గాని పంపడు.

అది ఇచ్చిన రోజు సభలో పేరు పిలిస్తే ఆయన లేవలేదు. చొక్కా గుండీ ఊడింది, ఇలా ఎలా వెళ్ళనన్నాడు. చివరికి మరిదే వేదిక ఎక్కి పుచ్చుకున్నాడు. "మా అన్నయ్యకి సిగ్గండీ" అని మైకులో చెప్పాడు కూడా. అందరూ చప్పట్లు కొట్టారు.

గుండీ ఊడలేదు. పక్కనే కూర్చున్నాను, చూశాను.

ఫిబ్రవరి 19, సోమవారం

ఇక తప్పక ఆ నెల ఎక్కించాను. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టే కొట్టాను.

ఇంజనీరమ్మ ఇంకో ఫార్ములా పెట్టింది. ఇవాళ్టి తేడా నిన్నటి తేడాతో సరిసమానంగా ఉంటే ఆ గడి ఎర్రబడాలి. పన్నెండు వేల పైచిలుకు వరసల్లో అక్కడక్కడా ఒకటి, రెండు ఎర్రచుక్కలు. ఆ నెలలో మాత్రం ఎర్రటి గీత. 0.0508, 0.0508, 0.0508. పన్నెండు సార్లు.

"ఆంటీ, ఇది సరిగ్గా రెండంగుళాలు. వానాకాలంలో నది రోజుకి రెండంగుళాల చొప్పున మెట్లెక్కినట్టు ఎక్కుతుందా? తొమ్మిది అడుగుల నాలుగంగుళాల దగ్గర మొదలై పదకొండు అడుగుల నాలుగంగుళాల దగ్గర ఆగింది. మధ్యలో పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల చీటీలు ఉన్నాయా?"

"లేవు."

"మరి రిజిస్టరులోకి ఎలా వచ్చాయి?"

"ఆయన చెప్పిందే నేను రాశాను."

అలా అన్నాను.

ఆ పిల్ల ఎర్రగీత మీద వేలు పెట్టింది. "అయితే అంకుల్ వెళ్ళకుండానే రాయించారన్నమాట," అంది మెల్లిగా. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

ఫిబ్రవరి 20, మంగళవారం

ఆయనకి ఇప్పుడు కొత్తగా వచ్చే నష్టం ఏముంది? పోయినవాళ్ళకి ఉద్యోగాలు ఊడవు. ఆయనైతే నవ్వేసి "పోనీలేవే" అనేవాడు.

సాయంత్రం

ఇంజనీరమ్మ ఫోను. పెద్దసారుకి చూపించిందట. "ఒకసారి కల్పించినవాడు మిగతా రోజులు చూసే రాశాడని ఏంటి నమ్మకం? ఆ రీడరు లెక్కలు మొత్తం పక్కన పెట్టెయ్యండి. గేజీ దగ్గర ఆటోమేటిక్ మిషను పెట్టాక వచ్చిన ఆరేళ్ళ లెక్కలు చాలు," అన్నాడట.

ఆరేళ్ళుగా పెద్ద వానలే లేవు. ఆ మిషను చూసినదాంట్లో ఎక్కువ పది అడుగులు. ఆయన లెక్కల్లో పద్నాలుగు అడుగుల రెండంగుళాలు కూడా ఉంది. దాని మీద రెండు కలిపి గచ్చు వెయ్యడం వేరు, పది మీద రెండు కలపడం వేరు.

నూట నలభై ఇళ్ళు.

నేనన్న ఒక్క మాటకి ఆయన పన్నెండు వేల పొద్దుటి పూటలు బుట్టదాఖలయ్యాయి.

ఫిబ్రవరి 21, బుధవారం

పెద్దక్క దగ్గరికి వెళ్ళాను. ఎనభై నాలుగేళ్ళు. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది ఇష్టమైనప్పుడు పనిచేస్తుంది. కిటికీ పక్కన కూర్చుని వీధిలో పోయే కార్ల నంబర్లు కూడుతోంది. "తొమ్మిదితో తెగితే ఆ రోజు మంచిది," అంది.

మిషన్ల గురించి మాట్లాడుకున్నాం. మా నాలుగో మిషను వానాకాలంలో ఏడు అంకె దగ్గర పట్టేసేది. దాన్ని కొవ్వొత్తి మైనంతో రుద్దేవాళ్ళం. మా నలుగురిలో ఎత్తుగా ఉండే పొడుగమ్మ, ఏడు వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడి తిప్పేది. పెద్దక్క లేచి నిలబడి మరీ తిప్పి చూపించింది. నవ్వి నవ్వి ఇద్దరికీ దగ్గొచ్చింది. అర్రే ఫార్ములా గురించి చెబితే, "మరి ఎవరు సరిచూస్తారు?" అని అడిగింది. అదొక్కటే అడిగింది.

అప్పుడు చెప్పాను, ఎర్రగీత సంగతి.

"ఆ నెలదా," అంది వెంటనే. మంచి చెవి పనిచేసింది. "ఆ వారం వరద వచ్చింది కదే. ఆ పదకొండు రోజుల్లో ఆరోదో, ఏడోదో. కింద సామాన్ల గదిలోకి నీళ్ళు వచ్చాయి. మూడో మెట్టు మునిగింది. రిజిస్టర్లు నేనూ పొడుగమ్మా నెత్తి మీద పెట్టుకుని పైకి మోశాం. రోజున్నరలో తీసేసింది. రేవు వైపు అప్పుడు ముళ్ళకంపలే కదా, మనుషులెవరూ లేరు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆఫీసులో పాత సారు బదిలీ అయి కొత్త సారు ఇంకా రాలేదు, అడిగేవాళ్ళే లేరు."

"మెట్ల దాకా వచ్చిందని నాకు తెలీదు పెద్దక్కా."

"నువ్వు ఎక్కడున్నావు తెలియడానికి?" నా చెయ్యి పట్టుకుంది. "ఆ పేజీ నీకోసం పక్కన పెట్టాను. ఇంకొకరి చేత రాయించడం ఇష్టం లేక. ఖాళీగా పంపిస్తావనుకున్నాను. నింపి పంపావు. చూడగానే తెలిసింది, రెండేసి అంగుళాలు. సంతకం పెట్టింది నేనే. ఆ తప్పులో సగం నాది."

ఫిబ్రవరి 22, గురువారం

రాస్తాను. ఎవరికీ కాదు, నాకే.

పాప నెలలు నిండకుండా పుట్టింది. పదకొండు రోజులు ఉంది.

ఆసుపత్రి గుట్ట మీద. పాపని అద్దాల పెట్టెలో పెట్టారు. నన్ను లేవనివ్వలేదు కాబట్టి నా బదులు ఆయన ఆ అద్దం ముందు నిలబడ్డాడు. గంటకోసారి వచ్చి నాకు చెప్పేవాడు. 'ఆవలించింది.' 'ఎడమ చెయ్యి బయటికి తీసింది, నర్సు లోపల పెడితే మళ్ళీ తీసింది. మొండిది.' చీటీల మీద రిమార్కులు రాసినట్టే.

మొదటి రోజే అన్నాను. "గేజీ చూసి రా. నీది టెంపరరీ ఉద్యోగం. ఒక్క రోజు మానితే తీసేస్తారు."

"నది ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంటుంది," అన్నాడు.

నాలుగో రోజు నుంచి వాన. ఆరో రోజు కిటికీలోంచి నీళ్ళ హోరు వినబడింది. ఆయనకి తెలుసు. అద్దం దగ్గర నుంచి కదల్లేదు.

పదకొండో రోజు సాయంత్రం అయిపోయింది.

పన్నెండో రోజు పొద్దున్న ఎనిమిదింటికి చీటీ ఉంది. పదకొండు అడుగుల నాలుగంగుళాలు. రిమార్కులు ఖాళీ. ఆ పొద్దున్న వంతెన దాకా సైకిలు ఎలా తొక్కాడో నేనెప్పుడూ అడగలేదు.

నెలన్నర తర్వాత పనిలోకి వెళ్ళాను. నా బల్ల మీద ఆ నెల పేజీ. దాంతోపాటు పదకొండు చీటీలు. తేదీ వేసి, సంతకం పెట్టి, అడుగులూ అంగుళాలూ ఖాళీగా వదిలేసిన పదకొండు చీటీలు. ఆయన అబద్ధం రాయలేదు. రాయడం ఆయనకి చేతకాదు.

రాసింది నేను. అటు తొమ్మిదీ నాలుగు, ఇటు పదకొండూ నాలుగు. తేడా ఇరవై నాలుగంగుళాలు. పన్నెండుతో భాగిస్తే రెండు. శేషం లేకుండా తెగిందని సంతోషపడ్డాను కూడా. ఆ చీటీలు చింపేశాను. ఆయన ఉద్యోగం నిలబెట్టానని అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే చెప్పుకున్నాను.

ఆయనకి తెలుసు. తెలియకపోతే ఆ సభలో ఎందుకు లేవడు?

తర్వాత మాకు పిల్లలు కలగలేదు. పాప గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు. రిజిస్టరులో ఆ రోజులు నిండుగా ఉన్నాయి, అంతే.

ఫిబ్రవరి 23, శుక్రవారం

ఇంజనీరమ్మకి చెప్పాను. నిన్న రాసిందంతా చెప్పాను. కుర్చీ దగ్గరికి లాక్కుని విన్నది.

"మొన్న ఆయన మీద వేశాను. ఆయన కల్పించలేదు. చూడని రోజు చూడలేదనే ఇచ్చాడు. కల్పించింది నేను. మీ పెద్దసారుకి అలాగే చెప్పు."

"నోటిమాట సరిపోదు ఆంటీ. కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. విచారణంటూ ఏమన్నా వస్తే మీ పింఛను..." ఆపేసింది.

"కాగితం ఇవ్వు."

కోడి గీతలు ఇవాళ గుండ్రంగా పడ్డాయి. రెండు కాపీలు రాశాను.

ఫిబ్రవరి 24, శనివారం

మరిదికి చెప్పాను. ఎలాగూ బయటికి వస్తుంది, ముందు నా నోటి నుంచి వింటే మంచిదని.

"అన్నయ్య పదకొండు రోజులు గేజీ దగ్గరికి వెళ్ళలేదు. నేను దొంగ అంకెలు వేశాను. ఆఫీసుకి రాసి ఇచ్చాను."

టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎందుకు వెళ్ళలేదు?"

"ఇంట్లో ఇబ్బంది."

"ఏం ఇబ్బంది? అన్నయ్య జ్వరంతో కూడా వెళ్ళేవాడు! చచ్చిపోయిన మనిషిని ఇప్పుడు వీధిలో పెట్టడానికి నీకు మనసెలా వచ్చింది వదినా? పైన పటం ఉంది, నేను ఎంతమందికి చూపించాను? రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మీ అన్నయ్య ఆ పటం తీసుకోలేదు. నువ్వు తీసుకున్నావు."

అనకూడని మాట. మెట్లు దబదబా ఎక్కి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 26, సోమవారం

టీకి రాలేదు.

ఫిబ్రవరి 28, బుధవారం

ఇంజనీరమ్మ పెద్దక్కని ఆటోలో ఆఫీసుకి తీసుకొచ్చింది. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తి సామాన్ల గది దగ్గర దింపారు. పెద్దక్క చేతికర్రతో మూడో మెట్టు చూపించింది. "ఇదిగో, ఇది మునిగింది. నాలుగోది తడవలేదు. దాని మీదే నా చెప్పులు పెట్టాను, అందుకే గుర్తు."

లెవెల్ చూసే మిషను మూడు కాళ్ళ మీద నిలబెట్టి, మెట్టు నుంచి వంతెన దాకా మధ్యలో నాలుగు చోట్ల ఆగి కొలిచారు. గేజీ లెక్కలో పదిహేడు అడుగుల మూడంగుళాలు. ముప్ఫై నాలుగేళ్ళలో అదే పెద్ద వరద. నా రిజిస్టరులో ఆ రోజు పది అడుగుల నాలుగంగుళాలు అని ఉంది.

ఇంజనీరమ్మ ఆ అంకెని రెండుసార్లు సరిచూసింది. పెద్దక్కకి నచ్చింది ఆ పిల్ల.

మార్చి 4, సోమవారం

పెద్దసారు ఒప్పుకున్నాడట. కల్పించినవి ఆ పదకొండే, అవీ రీడరు వేసినవి కావు, కాబట్టి మిగతావి ఉంటాయి.

"మీరే చెరపండి ఆంటీ," అంది.

పదకొండు వరసల్లో అడుగులూ అంగుళాలూ కలిపి ఎంచుకున్నాను. ఒక్క కీ నొక్కాను. మీటర్ల గడులు పదకొండూ తమంతట తామే ఖాళీ అయ్యాయి. సున్నాలు రాలేదు. మిగతా పన్నెండు వేల నాలుగు వందల ఏడు వరసలు కదల్లేదు. ఎర్రగీత పోయింది.

"రిమార్కుల్లో కారణం రాయాలి. ఏమని రాయను?"

"గేజీ చూడలేదు. రీడరు ఆసుపత్రిలో కూతురి దగ్గర ఉన్నారు."

ఆ పిల్ల కొట్టింది. "ఒక్క గడిలో కొట్టేశాను. మిగతా పదింటికి ఒక్కసారే నింపేస్తాను, ఉండండి."

"వద్దమ్మా. జరుగు."

ఒక్కో రోజుకీ ఒక్కోసారి కొట్టాను. తప్పులు పడ్డాయి, దిద్దుకున్నాను. అరగంట పట్టింది. ఆ పిల్ల టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది.

మార్చి 11, సోమవారం

నాకు తాఖీదు. సంజాయిషీ అడిగారు. రాశాను. ఇచ్చాను.

మార్చి 22, శుక్రవారం

ఆఫీసు నుంచి కవరు వచ్చింది. ఒకటి నాకు మందలింపు ఉత్తరం. పింఛను జోలికి రాలేదు. ఇంకోటి ఇంజనీరమ్మ విడిగా పెట్టిన కాగితం, ఇళ్ళ గచ్చు మట్టం పంతొమ్మిది అడుగుల మూడంగుళాలకి ఖాయమైందని. రేవుకి ఆనుకుని ఉన్న రెండు వరసల ఇళ్ళు వెనక్కి జరిపారట. మూడోది నా వాంగ్మూలం నకలు. అన్నీ బల్ల మీదే వదిలేసి కూరగాయలకి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి మరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నెల రోజులైంది దిగి. చేతిలో నకలు.

"లోపలికి జరుగు, లోపల ఖాళీ ఉంది," అన్నాను. నవ్వలేదు.

"పాపా, బాబా?"

"కూతురని రాశాను కదా."

"రాశావులే. నీ నోటితో వినాలని."

"పాప."

సంచీ నా చేతిలోంచి తీసుకుని కింద పెట్టాడు. "నాకు ఎవరూ చెప్పలేదు."

"నువ్వు హాస్టల్లో ఉన్నావు. పద్నాలుగేళ్ళు నీకు. పరీక్షలు. మీ అన్నయ్య నాకు జ్వరమని ఉత్తరం రాశాడు."

"జ్వరమనే బత్తాయిలు పంపాను. స్నేహితుడి చేత."

"తిన్నాను. పుల్లగా ఉన్నాయి."

అప్పుడు నవ్వాడు, మొహం పక్కకి తిప్పుకుని. ఆ నవ్వు మధ్యలోనే ఇంకోలా అయిపోయింది. చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. యాభై దాటిన మనిషి.

"అయితే నన్ను బాబాయ్ అని పిలవాల్సిన మనిషి ఒకతి ఉండేదన్నమాట."

"ఉండేది."

కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "జుట్టుందా?"

"బోలెడు. మీ అన్నయ్యకి లాగే నుదుటి మీదికి."

"ఇంకా?"

చెప్పడానికి పదకొండు రోజులున్నాయి. మొదటి రోజు నుంచి మొదలుపెట్టాను.